బోర్డు మీద ఎవరి పేరు రాయాలి?

ప్రశ్న: అయ్యా, నేను పదిహేనేళ్లుగా అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నాను. మా పక్కింటి పెద్దాయన ఇరవై ఏళ్లపాటు తన చేతులతో చూసుకున్న 1972 నాటి డాట్సన్ 240 జెడ్ కారును, చనిపోవడానికి ఏడాది ముందు నాకు అమ్మారు. ప్రదర్శనల్లో కారు ముందు నిలబెట్టే చెక్క బోర్డు కూడా ఇచ్చారు. ‘బీఎండబ్ల్యూ 507 రూపశిల్పి కౌంట్ ఆల్‌బ్రెక్ట్ గోర్ట్జ్ డిజైన్ చేసిన కారు’ అని ఆయన దాని మీద స్వయంగా చెక్కుకున్నారు. వచ్చే నెల మా ఊళ్లో జరిగే పాత కార్ల ప్రదర్శనకు నేను తొలిసారి ఈ కారు తీసుకెళ్తున్నాను. ఇండస్ట్రియల్ డిజైన్ చదువుతున్న మా అమ్మాయి ఆ బోర్డు చూసి, అది పచ్చి అబద్ధమనీ, అసలు డిజైనర్ యొషిహికో మత్సువో అనీ, గోర్ట్జ్ లాయర్లతో బెదిరించి కంపెనీ చేత ఉత్తరం రాయించుకున్న అబద్ధాలకోరు అనీ అంటోంది. ఆ బోర్డు పెడితే తను రానని కూడా చెప్పేసింది. కంపెనీయే ఉత్తరం ఇచ్చాక ఇంకేం సాక్ష్యం కావాలని ఇక్కడి మిత్రుడొకరు వాదిస్తున్నారు. పెద్దాయన భార్య ప్రదర్శనకు వస్తానని కబురు పెట్టారు. నిజం ఏమిటి? బోర్డు మీద ఏం రాయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి చరిత్రకు సంబంధించినది, రెండోది ఒక పెద్దావిడ మనసుకు సంబంధించినది. మొదటిది తేలితే రెండోది అంత కష్టం కాదు కనుక ముందు దాని సంగతే చూద్దాం. అసలు విషయంలో మీ అమ్మాయి మాటే సరైనది. 240 జెడ్ రూపాన్ని గీసి, మట్టిలో మలిచి, ఉక్కు రేకు దాకా తీసుకొచ్చినది, డాట్సన్ పేరుతో కార్లు అమ్మిన నిస్సాన్ కంపెనీలో మత్సువో నడిపిన స్పోర్ట్స్ కార్ స్టూడియో. అయితే గోర్ట్జ్‌ను అబద్ధాలకోరు అనడం దగ్గర ఆమె తొందరపడింది. ఉత్తరం మాట ఎత్తిన మీ మిత్రుడు దాన్ని సగమే చదివారని నాకు అనిపిస్తోంది.

గోర్ట్జ్ ఎవరో తెలిస్తే గాని మీ పెద్దాయన ఆ పేరును అంత గర్వంగా ఎందుకు చెక్కుకున్నారో అర్థం కాదు. 1914లో జర్మనీలోని ఒక కౌంట్ కుటుంబంలో పుట్టిన ఆయన 1936లో అమెరికా చేరారు. ప్రఖ్యాత రూపశిల్పి రేమండ్ లోవీ దృష్టిలో పడి స్టూడ్‌బేకర్ కార్ల స్టూడియోలో పని నేర్చుకున్నారు. తర్వాత సొంతంగా పని మొదలుపెట్టి, న్యూయార్క్‌లో ఐరోపా కార్ల దిగుమతి వ్యాపారి మాక్స్ హాఫ్‌మన్ ప్రోత్సాహంతో బీఎండబ్ల్యూకు 503, 507 అనే రెండు కార్లకు రూపమిచ్చారు. 1955లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో జనం ముందుకొచ్చిన 507 కంపెనీకి నష్టాలే మిగిల్చింది. 250కి కాస్త పైగా మాత్రమే తయారయ్యాయి. అయినా ఆ కారును ఒకసారి పక్క నుంచి చూసినవారు మరచిపోవడం కష్టం. దాని డిజైన్ గోర్ట్జ్‌దేనన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. అంత పేరున్న మనిషి, తర్వాత వచ్చిన మరో అందమైన కారు కూడా నాదేనని చెప్పినప్పుడు నమ్మినవారిని తప్పుపట్టలేం.

పైగా ఆయన మాటకు ఒక ఆధారం ఉంది. 1960ల తొలి సగంలో గోర్ట్జ్ నిజంగానే నిస్సాన్‌కు సలహాదారుగా పనిచేశారు. ఆ కాలంలో అక్కడ రెండు పనులు జరిగాయి. ఒకటి, 1964 టోక్యో ప్రదర్శనలో కనిపించి 1965లో అమ్మకానికి వచ్చిన మొదటి సిల్వియా. చేతితో మలిచినట్టుండే ఆ చిన్న కూపే (మూసిన పైకప్పున్న రెండు తలుపుల కారు) 554 మాత్రమే తయారైంది. దాన్ని కూడా చాలాకాలం గోర్ట్జ్ కారుగానే చెప్పుకున్నారు. గీసింది మాత్రం నిస్సాన్‌లోని కజువో కిమురా అనే డిజైనర్, గోర్ట్జ్ ఆయనకు సలహాదారు. రెండోది, యమహాతో కలిసి నిస్సాన్ చేపట్టిన రెండు లీటర్ల స్పోర్ట్స్ కారు. ఎ550ఎక్స్ అని పేరు పెట్టుకున్న ఆ నమూనాను నిస్సాన్ 1964లోనే పక్కన పెట్టేసింది. గోర్ట్జ్ వాదన మొత్తం ఈ రెండో కారు మీదే నిలబడింది. తాను ఉన్నప్పుడు పుట్టిన ఆ నమూనాయే పెరిగి పెద్దదై 1969లో జెడ్‌గా బయటికొచ్చిందని ఆయన చెప్పుకున్నారు.

ఇక్కడ తారీఖులు చూడాలి. నిస్సాన్‌తో గోర్ట్జ్ ఒప్పందం 1965 నాటికి ముగిసింది. అదే కాలంలో మత్సువో స్పోర్ట్స్ కార్ల స్టూడియో బాధ్యత తీసుకున్నారు. అప్పటికి నిస్సాన్ పెద్దలకు స్పోర్ట్స్ కారంటే ఏమంత పట్టింపు లేదు. నెలకు కొన్ని వందలు అమ్ముడయ్యే ముచ్చట కారుగానే దాన్ని చూసేవారు. అమెరికాలో నిస్సాన్ శాఖను నడుపుతున్న యుటాకా కటాయామా ఒక్కరే, మామూలు జీతగాడు కొనగలిగిన ధరలో ఆరు సిలిండర్ల స్పోర్ట్స్ కారు ఇస్తే ఆ దేశంలో వరస కట్టి కొంటారని టోక్యోను సతాయిస్తూ వచ్చారు. ఆయన కోరికా మత్సువో బృందం గీతలూ ఒకచోట కలిశాకే ఈ కారుకు కంపెనీలో ప్రాణం వచ్చింది. మీ పెద్దాయన తరం అమెరికన్లు కటాయామాను ‘మిస్టర్ కె’ అని ముద్దుగా పిలుచుకునేవారు. ఆయన 2015లో 105 ఏళ్ల వయసులో కన్నుమూశారు. జపాన్‌లో ఈ కారు పేరు ఫెయర్‌లేడీ జెడ్. ఆ పేరుతో అమెరికాలో స్పోర్ట్స్ కారు అమ్మడం కుదరదని, వచ్చిన కార్ల మీది బిళ్లలు పీకించి కంపెనీ లోపలి సంకేతమైన 240 జెడ్‌నే పేరుగా అతికించింది ఆయనేనని చెబుతారు. (పేరు ఎత్తాం గనుక ఒక మాట. అమెరికాలో మీ చుట్టూ అందరూ ‘జీ’ అంటుంటే మీరు ‘జెడ్’ అని రాశారు. మొహమాటపడకండి. జపాన్‌వారు కూడా ‘జెట్టో’ అనే అంటారు.)

తారీఖులు మాత్రమే అయితే వాదన సాగుతూనే ఉంటుంది. మనిషి వెళ్లిపోయినా బొమ్మలు అక్కడే ఉంటాయి కదా అని ఎవరైనా అడగవచ్చు, అది న్యాయమైన ప్రశ్న కూడా. అందుకే మీరు ఒక పని చేయండి. కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని, హెడ్‌లైట్ చుట్టూ ఉన్న లోతైన గుంటలో చెయ్యి పెట్టి చూడండి. చక్కెర తోడుకునే గరిటెలా ఉందని ఇంగ్లీషువారు దానికో ముద్దుపేరు పెట్టారు. అద్దం లేకుండా, దీపం వెనక్కి జరిగి, ఫెండర్‌కు (చక్రం మీది రేకుకు) విడిగా బిగించిన దొప్పలో కూర్చుని ఉంటుంది. ఆ గుంట అలా తెరిచి ఉండాలని గీసినవారు కోరుకోలేదు. దాని మీద ఫెండర్ వంపును కొనసాగిస్తూ పారదర్శకమైన మూత ఉండాలన్నది వారి ఆలోచన. జపాన్‌లో అమ్మిన పొడుగు ముక్కు 240 జెడ్‌జీలో ఆ మూతను చూడవచ్చు. అమెరికాలో 1968 నుంచి అమలైన నిబంధనలు హెడ్‌లైట్ల మీద మూతలు ఒప్పుకోలేదు. దీపం నేల నుంచి కనీసం 24 అంగుళాల ఎత్తులో ఉండాలని కూడా షరతు ఉండేది. ఆ ఎత్తుకు దీపం, ఆ దీపానికి తగ్గట్టు ఫెండర్, ఆ ఫెండర్‌కు తగ్గట్టు బానెట్ అంచు. మీ కారు ముఖంలో మీకు అందంగా కనిపించేదంతా ఇలా ఒక రూలు పుస్తకంతో కుస్తీపట్టి సంపాదించుకున్నదే.

పైకప్పు సంగతీ అంతే. మత్సువో బృందం తొలి నమూనాల్లో పైకప్పు లేని రోడ్‌స్టర్ కూడా ఉంది. అంతకుముందున్న ఫెయర్‌లేడీ కార్లన్నీ ఆ జాతివే. అయితే 1966లో అమెరికా వాహన భద్రతా చట్టం తెచ్చింది. ఇక ముందు బోర్లాపడినా తట్టుకునే పైకప్పు లేని కార్లను అక్కడ అమ్మనివ్వరేమో అన్న భయం తయారీదారులందరికీ పట్టుకుంది. అలా ఈ కారు మూసిన పైకప్పు, పైకి లేచే వెనక తలుపు ఉన్న కూపేగా మారింది. పొడవాటి ఆరు సిలిండర్ల ఇంజన్ పట్టడానికి బానెట్ సాగింది, దాని ఎత్తు కోసం బానెట్ మధ్యలో ఉబ్బు వచ్చింది. పొడుగాటి అమెరికన్ల మోకాళ్ల కోసం లోపలి చోటు పెరిగింది. వేర్వేరు ముక్కులతో, వేర్వేరు కప్పులతో మత్సువో స్టూడియోలో వరసగా తయారైన మట్టి నమూనాల ఫొటోలు అచ్చయి ఉన్నాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక రూపం తడబడుతూ, దిద్దుకుంటూ మీ కారు దాకా రావడం కనిపిస్తుంది. 1966లో వచ్చిన చట్టానికి, 1968లో అమలైన రూలుకు జవాబుగా పుట్టిన గీతను 1965లోనే వెళ్లిపోయిన మనిషి ఎలా గీస్తారు? నన్ను ఒప్పించిన విషయం ఇదే.

పొడవైన ముక్కు, పొట్టి వీపు పోలిక ఉంది కదా అని మీ మిత్రుడు ఎ550ఎక్స్ ఫొటో తీసి చూపించవచ్చు. చూపించనివ్వండి. 1961లో జాగ్వార్ ఇ-టైప్ వచ్చాక, ఆ మరుసటి ఏడాది ఫెరారీ 250 జీటీఓ వచ్చాక, ప్రపంచంలో స్పోర్ట్స్ కారు గీయడానికి పెన్సిల్ పట్టిన ప్రతివారి చెయ్యీ అటే పోయింది. ఒకే కాలంలో పుట్టినవారి జుట్టు దువ్వుకునే తీరు ఒకలాగే ఉన్నంత మాత్రాన వాళ్లు అన్నదమ్ములైపోరు.

ఇన్ని తెలిసి కూడా దశాబ్దాల పాటు లోకం గోర్ట్జ్ పేరే ఎందుకు చెప్పుకుంది? నా దృష్టిలో ఈ వ్యవహారంలో పెద్ద తప్పు గోర్ట్జ్‌ది కాదు, మత్సువోది అసలే కాదు. సొంత మనుషుల పేర్లు బయటికి చెప్పని అలవాటుది. ఆ రోజుల్లో జపాన్ కంపెనీలు ఐరోపా డిజైనర్ల దగ్గరికి వెళ్లడం మామూలు. నిస్సాన్ 1963 నాటి బ్లూబర్డ్‌కు ఇటలీలోని పినిన్‌ఫరీనాను ఆశ్రయించింది. ప్రిన్స్ కంపెనీ స్కైలైన్ స్పోర్ట్‌కూ, హినో తన కాంటెస్సాకూ ఇటలీ డిజైనర్ మికెలొట్టీ చేత రూపం గీయించుకున్నాయి. ఇసుజు 117 కూపే మరో ఇటలీ డిజైనర్ జుజారో చేతి పని. ఇవన్నీ నిజం కనుక, జపాన్ నుంచి ఏ అందమైన కారు వచ్చినా ‘వెనక ఏ దొరగారున్నారు?’ అని అడగడం పాశ్చాత్య విలేకరులకు అలవాటైపోయింది. జెడ్ విషయంలో ఆ ప్రశ్నకు ఒక సిద్ధమైన పేరు దొరికింది. ఆ మనిషి న్యూయార్క్‌లోనే ఉన్నారు, ఇంగ్లీషులో మాట్లాడతారు, కౌంట్ అనే బిరుదుంది, వెనక 507 ఉంది. టోక్యోలో ఉన్న మత్సువో ఒక ఉద్యోగి. కారు కంపెనీది, పేరు కంపెనీది, డిజైనర్ అనేవాడు ఒక విభాగంలో కుర్చీ. అడిగేవారూ లేరు, చెప్పేవారూ లేరు.

మన పాత సినిమాల టైటిళ్లలో ‘దర్శకత్వ పర్యవేక్షణ’ అని ఒక కార్డు పడేది, గుర్తుందా? పెద్ద దర్శకుడి పేరు దాని కింద ఉండేది, ఎండలో నిలబడి సినిమా తీసిన కుర్రవాడి పేరు ‘దర్శకత్వం’ కింద విడిగా పడేది. ఏ పేరు ఏ పనికో ప్రేక్షకుడికి కనీసం తెలిసేది. నిస్సాన్ అసలు కార్డులే వేయలేదు. వేయని చోట పర్యవేక్షణ చేసినాయన తన పేరు తానే రాసుకున్నారు, అంతకన్నా ఘోరం ఏమిటంటే అది ఆయన పర్యవేక్షించిన సినిమా కూడా కాదు, దానికి తర్వాత వచ్చినది.

ఇక ఆ ఉత్తరం. అమెరికాలో నిస్సాన్ తన పాత్రను గుర్తించడం లేదని గోర్ట్జ్ లాయర్ల దాకా వెళ్లాక, 1980లో కంపెనీ ఆయనకు ఒక లేఖ రాసిచ్చింది. మీ మిత్రుడు చెబుతున్నది ఇదే. అందులో ఉన్నవి రెండు ముక్కలు. 240 జెడ్ డిజైన్ తమ సొంత డిజైన్ సిబ్బంది పని అనేదే తమ అభిప్రాయమని కంపెనీ ఒక ముక్కలో చెప్పింది. ఆ సిబ్బంది మీద, గోర్ట్జ్ అంతకుముందు నిస్సాన్‌కు చేసిన పని ప్రభావం ఉందనీ, ఆయన డిజైన్లు వారికి ఉపకరించాయనీ రెండో ముక్కలో ఒప్పుకుంది. మొదటి ముక్కను వదిలేసి రెండోది మాత్రం చదివితే మీ పెద్దాయన బోర్డు తయారవుతుంది. రెండూ కలిపి చదివితే, గొడవ కోర్టు గుమ్మం ఎక్కకుండా ఇరుపక్షాలూ తలెత్తుకుని నడిచేలా లాయర్లు అల్లిన వాక్యం అని తెలుస్తుంది. ‘ప్రభావం’ అన్న మాట ఎంత దూరమైనా సాగుతుంది. పక్కింటివారి గుమ్మం చూసి మనం మన గుమ్మానికి రంగు వేయించుకున్నా అది ప్రభావమే, అంతమాత్రాన మన ఇల్లు కట్టింది ఆయన అనం. ‘డిజైన్ చేశారు’ అన్న మాట ఆ లేఖలో గోర్ట్జ్‌కు ఎక్కడా దక్కలేదు. బెదిరించి రాయించుకున్న కాగితమని మీ అమ్మాయి కొట్టిపారేయడం కూడా తగదు. అందులోని మొదటి ముక్క మత్సువో బృందానికి కంపెనీ రాసిచ్చిన అతి అరుదైన గుర్తింపు. ఆమె వాదనకు బలమైన సాక్ష్యం ఆమె చిరాకుపడుతున్న కాగితంలోనే ఉంది.

గోర్ట్జ్ తెలిసి తెలిసి అబద్ధం చెప్పారా? నాకు అలా అనిపించదు. సలహాదారుగా వెళ్లిన మనిషి ఒక స్టూడియోకు పని చేసే తీరు చూపిస్తాడు, నిష్పత్తుల గురించి మాట్లాడతాడు, ఒక స్పోర్ట్స్ కారు కల చుట్టూ పది మందిని కూర్చోబెడతాడు. నాలుగేళ్ల తర్వాత అదే కంపెనీ నుంచి తాను ఊహించినలాంటి కారే వచ్చి లోకమంతా మెచ్చుకుంటే, అందులో తన వేలిముద్రలు కనిపించడం మనుషులకు సహజం. అక్కడ ఆగి ఉంటే ఆయన మాటకు ఎవరూ అడ్డు చెప్పేవారు కాదు. ‘నా ప్రభావం’ అనడానికి బదులు ‘నా కారు’ అన్నారు, అదీ పొరపాటు. 2006లో ఆయన చనిపోయేనాటికి కూడా చాలామంది ఆయన్ను 240 జెడ్ డిజైనర్‌గానే తలచుకున్నారు. మత్సువో 2020 దాకా జీవించారు. తన పేరు నలుగురి నోటా పలకడం చూసేంతకాలం ఉన్నారన్నది నాకు సంతోషం కలిగించే సంగతి. కానీ ఆ కారు రోడ్డెక్కిన నాటికి ఆయనకు 35 ఏళ్లే, ఆ గుర్తింపు దక్కవలసిన వయసు అది.

ప్రదర్శనలో ఇంకో ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది కనుక ముందే చెబుతున్నాను. ‘యమహా ఆ నమూనాను తీసుకెళ్లి టయోటాకు ఇస్తే అదే టయోటా 2000 జీటీ అయింది, కనుక అదీ గోర్ట్జ్‌దే’ అనేవారు తగులుతారు. నిస్సాన్ వద్దన్నాక యమహా టయోటాతో కలిసిన మాట నిజమే. ఆ కారు ఇంజన్‌కు రెండు క్యామ్‌షాఫ్ట్‌ల సిలిండర్ హెడ్ (ఇంజన్ పైభాగం) తయారుచేసి, కారునూ కట్టిపెట్టింది యమహాయే. కానీ ఆ రూపం టయోటాలో జిరో కవానో నాయకత్వంలోని బృందంలో సతొరు నొజాకి గీసినది. 1965 టోక్యో ప్రదర్శనలో జనం చూసినది అదే. మొత్తం 351 తయారయ్యాయి. ఒక మనిషి ఒకప్పుడు ఒక కంపెనీ గుమ్మం తొక్కినందుకు, ఆ తర్వాత ఆ గుమ్మంలోంచీ పక్క గుమ్మంలోంచీ వచ్చిన ప్రతి కారూ ఆయన ఖాతాలో వేయడం మరీ ఎక్కువ. దీని మీద అంతకన్నా సమయం పెట్టకండి.

ఇప్పుడు మీ బోర్డు. ‘గోర్ట్జ్’ అన్నచోట ‘మత్సువో’ అని మార్చి ఊరుకుంటే పాత తప్పును కొత్త పేరుతో చేసినట్టే అవుతుంది. కారు ఎప్పుడూ ఒక్క చేతి పని కాదు. అకియో యొషిదా, సూయే చిబా, ఎయిచి ఒయివా, కీచి నిషికావా వంటివారు ఆ స్టూడియోలో మత్సువోతో కలిసి పనిచేశారు. నేనైతే ఇలా రాస్తాను, మీరు ఇంగ్లీషులోకి మార్చుకోండి: ‘డాట్సన్ 240 జెడ్, 1972. డిజైన్: యొషిహికో మత్సువో, నిస్సాన్ స్పోర్ట్స్ కార్ స్టూడియో బృందం. అమెరికాకు రప్పించినవారు: యుటాకా కటాయామా. నిస్సాన్‌కు 1965కు ముందు సలహాదారు: ఆల్‌బ్రెక్ట్ గోర్ట్జ్. ఇంజన్: ఆరు సిలిండర్లు, 2,393 సీసీ.’ సలహాదారు వరసను తీసేయమని మీ అమ్మాయి అంటుంది. తీసేయకండి. పేరు లేకపోతే చూడవచ్చిన ప్రతి పదో మనిషీ ‘దీన్ని గోర్ట్జ్ చేశాడని తెలుసా’ అని మిమ్మల్నే అడుగుతాడు. ఏ పని చేశారో ఆ పని కింద పేరు ఉంటే ఆయనకు మర్యాదా దక్కుతుంది, మీకు గొంతూ మిగులుతుంది. ఇంగ్లీషులో మాత్రం ఒక జాగ్రత్త: ‘డిజైన్డ్ బై’ అన్నది మత్సువో బృందానికే వాడండి, గోర్ట్జ్‌కు ‘కన్సల్టెంట్’ అని సంవత్సరంతో సహా వాడండి. ‘ఇన్‌స్పైర్డ్ బై’ లాంటి నీళ్ల మాటలు వద్దు. గొడవంతా అలాంటి మాటల్లోంచే పుట్టింది.

పెద్దావిడ సంగతి. బోర్డు మారిన విషయం ఆమె ప్రదర్శన మైదానంలో, పదిమంది మధ్య, కారు ముందు నిలబడి తెలుసుకోకూడదు. ముందే ఒకరోజు వాళ్లింటికి వెళ్లండి, మీ అమ్మాయిని కూడా తీసుకెళ్లండి. ఆయన బోర్డు చెక్కుకున్న రోజుల్లో అమెరికాలో ఎవరిని అడిగినా ఆ పేరే చెప్పేవారని, ఆ పొరపాటు ఆయన సొంతంగా చేసినది కాదని, తనకు అందిన మాటను శ్రద్ధగా చెక్కుకున్నారని చెప్పండి. అది ఓదార్పు కోసం చెప్పే మాట కాదు, జరిగినది అదే. మత్సువో కథ మీ అమ్మాయినే చెప్పనివ్వండి. అబద్ధాలకోరు అన్న మాట మాత్రం ఇంటి దగ్గరే వదిలి రమ్మనండి. కొత్త బోర్డు అడుగున ఒక వరస చోటు ఉంచి, ఇరవై ఏళ్లు ఈ కారును కాపాడినవారిగా ఆయన పేరు ఎలా రాయాలో ఆవిడనే అడగండి. డిజైనర్ పేరు దగ్గర జరిగిన పొరపాటే సంరక్షకుడి దగ్గరా జరగకూడదు కదా.

పాత బోర్డును పారేయకండి, దాని మీద కొత్త అక్షరాలు చెక్కించకండి. గుడ్డలో చుట్టి వెనక తలుపు కింద, స్పేర్ టైరు పక్కన కారుతోనే ఉంచండి. ఎవరైనా గోర్ట్జ్ మాట ఎత్తినప్పుడు బయటికి తీసి రెండు బోర్డులూ పక్కపక్కన చూపించండి. ఆ పని మీ అమ్మాయికి అప్పగిస్తే ఆ రోజు ఆమె రానంటుందని నేను అనుకోను.